సజ్జచేలో ఖాళీ అట్టలు

పెద్దమ్మ పోయిందని అమ్మ ఫోన్ చేసింది. విరుదునగర్‌లో నేను పనిచేసే పప్పు మిల్లులో అప్పుడే మోటారు వేశారు. ఆ రొదలో సగం మాటలే వినపడ్డాయి.

"అక్క లెయ్యలేదురా. కాపీ గలాసు ఎత్తుకోని పోతిని. లేపితిని. లెయ్యలేదు."

తర్వాత, "కాపీ ఆడనే ఉండాది," అంది.

ఫోను జేబులో పెట్టుకోబోతే మాత్రల అట్ట చేతికి తగిలింది. గొంతులో చీముపట్టి మింగలేకపోతుంటే డాక్టరు రాసిన యాంటీబయాటిక్ అది. ఇంకా కొన్ని మిగిలున్నాయి. ముందురోజు సాయంత్రం పెద్దమ్మ ఫోనులో అడిగింది.

"గొంతు సరిపోయెనా?"

"సరిపోయె పెద్దమ్మా. ఇడ్లీ కూడా తింటిని."

"అది కాదురా నేను అడిగేది. అట్ట ముగిసెనా?"

"ఇంకా లేదు."

"ముగిసినాక తే. కంబుకి పాలు పట్టె. పిట్టలు దిగతా ఉండాయి."

ఇంకేమీ అడగలేదు. ఫోను పెట్టేసింది. ఆమెకి ఫోను పెట్టేముందు చెప్పే మాట ఏదీ ఉండేది కాదు. అడగాల్సింది అడిగేది, పెట్టేసేది.

చదివేవాళ్లకి ఆ మాటలు వింతగా ఉంటాయి. గొంతు నొప్పికీ సజ్జచేనుకీ, మాత్రల అట్టకీ పిట్టలకీ ఏమిటి సంబంధం అని. ఆ సంబంధం ఆమె కల్పించిందే. అది చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఆమె మా నాయనకి అన్న భార్య. కోవిల్‌పట్టి నుంచి విళాత్తికుళం పోయే బస్సు దిగి, నల్లరేగడిలో కొంత దూరం నడిస్తే మా ఊరు. మాకు వానే ఆధారం. సజ్జ, జొన్న, పత్తి, మిరప. ఇంట్లో తెలుగు మాట్లాడతాం, వాకిలి దాటితే తమిళం. సజ్జని మేం కంబు అనే అంటాం. పెదనాన్న పోయాక పెద్దమ్మ తన చేను తనే చేసుకుంది. ఆమె ఇల్లూ మా ఇల్లూ ఒకే గోడకి అటూ ఇటూ. అమ్మా ఆమే తోడికోడళ్లు. గోడకి ఇటుపక్క నుంచి అమ్మ "అక్కా" అంటే అటుపక్క నుంచి "ఏమే" అని వినపడేది. నా చిన్నప్పటి నుంచి మా ఇంట్లో రోజు ఆ రెండు మాటలతో మొదలయ్యేది.

ఊళ్లో ఆమెకి పేరు విత్తనాల వల్ల. కోతకి ముందే చేలోకి పోయి, ఎండకి వాడని మొక్కల్ని, పురుగు పట్టని కంకుల్ని చూసి, పాత చీర అంచు చింపి ఒక్కో కంకికి కట్టేది. ఆ కంకులు ఎవరూ ముట్టకూడదు. మిగిలిందే కోతకి, తిండికి. మిరప గింజల్ని ఎండిన సొరబుర్రలో వేపాకు వేసి పెట్టేది. ఇంట్లో ఎంత ఇబ్బంది ఉన్నా విత్తనం తీసి వండుకోవడం లేదు. ఎవరైనా విత్తనం అడిగితే లేదనడమూ లేదు. వాన పడగానే ఆడవాళ్లు ఆమె గడప ముందు ఒడి పట్టుకుని నిలబడేవాళ్లు. ఆమె చెయ్యి మంచిదని, ఆమె చేత్తో పోస్తే మొలక తప్పదని నమ్మకం. ఆమె గుప్పిట్లోకి గింజలు తీసుకుని, పొట్టు పోయేలా ఒక్కసారి ఊది, పోసేది. ఆ ఊదడం నాకు ఇప్పటికీ చెవిలో ఉంది.

మందుల సంగతిలోనూ ఆమె అట్లాగే చేసింది. వేరేగా చేయడం ఆమెకి తెలియదు.

ఒక ఏడు పత్తి ఏరే కాలంలో ఆమెకి జ్వరం, దగ్గు పట్టుకుంది. కోవిల్‌పట్టిలో ఒక డాక్టరుకి చూపిస్తే ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరిందని అమాక్సిసిలిన్ క్యాప్సూళ్లు ఇచ్చాడు. మన దగ్గర ఎక్కువగా వాడే యాంటీబయాటిక్. ఎన్నాళ్లు వేసుకోవాలో చెప్పే పంపాడు. సగం కాకముందే జ్వరం దిగింది, ఆకలి పుట్టింది, ఆమె మళ్లీ చేలోకి పోయింది. మిగిలిన క్యాప్సూళ్లని అట్టలోంచి ఒలిచి సొరబుర్రలో వేపాకు మధ్య వేసింది. పనికొచ్చిన దాంట్లో కొంత దాచిపెట్టడం ఆమె చేసిన పని. అందులో తప్పు ఉంటుందని మాలో ఎవరికీ తోచలేదు.

కొన్నాళ్లకి అమ్మకి జలుబు చేసింది. మామూలు జలుబే, మా వాడుకలో సళి. ముక్కు కారడం, తలబరువు. నాకు సెలవు, ఇంట్లోనే ఉన్నాను. పెద్దమ్మ గోడ పక్కనుంచి వచ్చి అమ్మ అరచేతిలో ఒక క్యాప్సూల్ పెట్టింది.

"నన్ను లేపిన మాత్రే ఇది. ఏసుకో."

"నీకు వద్దా అక్కా?"

"ఉండాది. నువ్వు అడగలేదు గాని, అడిగితే ల్యా అంటానా?"

అమ్మ వేసుకుంది. కాసేపటికి అరచేతులు దురద అంది. మెడ మీద దద్దుర్లు లేచాయి. నవ్వుతూ గోక్కుంటూ ఉండగానే పెదవి ఉబ్బింది, కనురెప్పలు ఉబ్బాయి. మాట ముద్దగా వచ్చింది. తర్వాత ఊపిరి తీసుకుంటే ఈల వేసినట్టు చప్పుడు మొదలైంది.

బైకు మీద అమ్మని మధ్యలో కూర్చోబెట్టుకున్నాం. వెనక పెద్దమ్మ రెండు చేతులతో అమ్మని నాకు ఆనించి పట్టుకుంది. కోవిల్‌పట్టి దాకా ఆమె ఒక్క మాటే అంటూ వచ్చింది, నా చెవి వెనకే. "ఊపిరెత్తుకోవే. ఇంగొకటి ఎత్తుకో. ఇంగొకటి." ఆ ఈల చప్పుడు వినపడుతోందా లేదా అని మాత్రమే నేను వింటూ బండి నడిపాను.

ఆసుపత్రిలో డాక్టరమ్మ చూడగానే తొడలో సూది వేసింది. మూతికి ఆక్సిజన్ పెట్టారు. ఆ తర్వాతే అడిగింది తమిళంలో, ఏం వేసుకుందని. పెద్దమ్మ కొంగుముడి విప్పి ఇంకో క్యాప్సూల్ తీసి చూపించింది. దాని మీద ఏ పేరూ లేదు. వేపాకు పొడి అంటుకుని ఉంది.

"రంగు చూసి నేను పేరు ఎట్లా చెప్పేది? అట్ట ఏదీ?"

"పారేస్తిని."

"ఎవరికి ఇచ్చిన మందు ఇది?"

"నాకు," అంది పెద్దమ్మ. అని దగ్గింది. ఆపుకోవాలని చూసింది, ఆగలేదు. డాక్టరమ్మ అమ్మ వైపు నుంచి ఆమె వైపు తిరిగింది.

"ఈ దగ్గు ఎన్నాళ్లనుంచి? మందు మొత్తం వేసుకున్నావా?"

పెద్దమ్మ క్యాప్సూల్‌ని మళ్లీ కొంగున ముడేసుకుంది. నేను చెప్పాను, అది అమాక్సిసిలిన్ అని, సగం దాచిందని.

అమ్మ ఊపిరి సర్దుకున్నాక, కనురెప్పల వాపు తగ్గుతుండగా, పెద్దమ్మ మంచం కాళ్ల దగ్గర నిలబడి డాక్టరమ్మని అడిగింది. "ఇదే మాత్ర నన్ను లేపె. ఇదే మాత్ర దీన్ని ఎట్ల చంపబాయె?"

ఆ డాక్టరమ్మ వయసులో చిన్నది. విసుక్కోలేదు. స్టూలు లాగి పెద్దమ్మని కూర్చోబెట్టి చెప్పింది. నాకు గుర్తున్నంతవరకు రాస్తాను.

నెమ్ము తెప్పించిన క్రిమి కంటికి కనపడదు, కానీ దాని చుట్టూ ఒక గోడ ఉంటుంది. అది పెరుగుతూ, రెండుగా చీలుతూ ఆ గోడ కట్టుకుంటూ పోతుంది. ఈ మందు ఆ గోడని అతకనివ్వదు. అతకని గోడతో అది లోపలి నుంచి పగిలి చస్తుంది. మన ఒంట్లో కణాలకి అటువంటి గోడ లేదు, అందుకే మందు క్రిమిని కొడుతుంది గానీ మనల్ని కొట్టదు. జలుబు తెచ్చేది వేరే జాతి. వైరస్. దానికి ఆ గోడే లేదు. గోడ కట్టనివ్వని మందు దాన్ని ఏం చేస్తుంది? అంటే అమ్మకి ఆ మందు అవసరమే లేదు. పైగా కొందరి ఒళ్లు ఈ మందునే శత్రువు అనుకుంటుంది. దద్దుర్లు, వాపు, ఊపిరాడకపోవడం దాని గుర్తులు. అవి కనపడితే ఇంకో మాత్ర వేసుకోకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి. ఇది పెన్సిలిన్ జాతి మందు; ఇక జన్మలో అమ్మ ఆ జాతిది ఏదీ వేసుకోకూడదు, ఏ డాక్టరు దగ్గరికి పోయినా ముందు ఆ మాట చెప్పాలి.

"నీ సంగతి వేరే," అంది పెద్దమ్మతో. "మందు వేసుకోగానే క్రిములన్నీ ఒకేసారి చావవు. మెత్తనివి ముందు చస్తాయి. నీకు జ్వరం దిగింది అందుకే. గట్టివి ఇంకా ఉంటాయి. అప్పుడు నువ్వు మానేస్తే, ఆ గట్టివే పిల్లలు పెట్టుకుంటాయి. ఆ పిల్లల మీద ఈ మందు సరిగ్గా పనిచేయకపోవచ్చు. వేళ తప్పించి వేసుకున్నా అంతే, ఒంట్లో మందు తగ్గినప్పుడు అవి తేరుకుంటాయి."

పెద్దమ్మ తన చేతుల వైపు చూసుకుంది. తర్వాత తెలుగులో, నాతోనూ డాక్టరమ్మతోనూ కాకుండా, తనలో తనే అంది.

"అట్లంటే నేను ఇత్తనానికి ఇడిసింది మాత్రని కాదు. పురుగుని."

డాక్టరమ్మకి అర్థం కాక నా వైపు చూసింది. నేను తమిళంలో చెప్పాను. ఆమె తల ఊపింది.

ఎండకి వాడని మొక్కకి చీర అంచు కట్టి విత్తనానికి విడిచే మనిషికి ఆ మాట ఇంకొకరు వివరించనవసరం లేదు. ఆమెకి వేరే మందు రాశారు. ఈసారి దగ్గు తగ్గడానికి చాలా కాలం పట్టింది. మనిషి సగమైంది. అయినా చెప్పినన్నాళ్లూ, చెప్పిన వేళకే, నిండా నీళ్లు తాగి వేసుకుంది. కడుపులో తిప్పితే కంబు గంజి తాగి వేసుకుంది, మానలేదు.

అమ్మ బతికింది గానీ ఆ ఇద్దరి మధ్య ఏదో ఆగిపోయింది. పెద్దమ్మ అమ్మ చేతికి ఏమీ ఇవ్వడం మానేసింది. కూర చేస్తే గిన్నె అరుగు మీద పెట్టి, "ఆడ ఉండాది చూడు," అని పోయేది. గోడకి అటుపక్క నుంచి "ఏమే" అని వినపడటం తగ్గింది. అమ్మ కోపంగా లేదు. ఆ మాట చెప్పింది కూడా. అయినా గిన్నె అరుగు మీదే ఉండేది.

ఆ ఏడు వాన పడ్డాక ఆడవాళ్లు ఎప్పట్లాగే విత్తనానికి వచ్చారు. పెద్దమ్మ బుట్ట గడప మీదికి జరిపి, "మీరే ఎత్తుకోండి," అంది.

"ఏందక్కా, నీ చేత్తో పొయ్యవా?"

"ఈ చెయ్యి వద్దు."

వాళ్లు ఒకళ్ల ముఖం ఒకళ్లు చూసుకున్నారు. ఎవరూ బుట్టలో చెయ్యి పెట్టలేదు. ఆమె చేత్తో కాకపోతే ఆ గింజలకి ఇంత దూరం రావడం ఎందుకు? అప్పుడు అమ్మ మా వాకిట్లోంచి వచ్చి అందరికంటే ముందు నిలబడి ఒడి పట్టింది.

"పొయ్యక్కా."

"నువ్వే ఎత్తుకోవే."

"నేనెత్తుకోను. నువ్వు పొయ్యకుంటే నా చేను బీడే. ఊరంతా అడగతాది, ఏల బీడు పెడ్తివని. అక్కతో జగడమని సెప్తాను. సెప్పనా?"

వెనకనుంచి ఎవరో నవ్వారు. పెద్దమ్మ నవ్వలేదు. గుప్పిట నింపింది. ఊదింది. ఆ ఊపిరిలో ఇంకా దగ్గు ఉంది. అమ్మ ఒడిలో పోసేటప్పుడు కొన్ని గింజలు మట్టిలో పడ్డాయి. అమ్మ వంగి ఒక్కొక్కటే ఏరుకుంది. అప్పటిదాకా వేరెవరూ ముందుకి రాలేదు.

అట్టల సంగతి ఆ పంటలోనే మొదలైంది. పెద్దమ్మ కొత్త మందు అట్టలు ముగిశాక పారేయకుండా అరుగు మీద పెట్టింది. అట్ట మీద పేరుంటుంది, గడువుంటుంది, అడిగితే చూపించవచ్చని. ముందుగా కోసి వాకిట్లో ఆరేసిన కంకుల మీదికి పిచ్చుకలు వస్తే, ఎండకి ఆ అట్టలు తళుక్కుమనడం చూసి లేచిపోయాయి. ఆమె ఆ అట్టలకి బెజ్జం వేసి దారం కట్టి చేలోకి పట్టుకుపోయింది. రెండు కర్రల మధ్య కట్టిన దారానికి వేలాడదీసింది. గాలికి అవి తిరుగుతుంటే పిట్టలు కంకి మీద వాలడానికి జంకేవి. ఒక చేనుకి ఆమె అట్టలు చాలవు. ఊళ్లో అడగడం మొదలుపెట్టింది.

కానీ ఖాళీ అట్టే కావాలి. యాంటీబయాటిక్ అట్ట అయితే బొటనవేలితో ఒక్కో గుంటా నొక్కి చూసేది. ఎక్కడైనా ఒక మాత్ర మిగిలుంటే అట్ట వెనక్కి ఇచ్చేసేది.

"ముగించుకోని తే."

"జరం పోయె కదా పెద్దమ్మా."

"జరం పోయె. జరం తెచ్చింది పోయెనా?"

పక్కింటి మావ ఒకాయన ఈ నస పడలేక, మిగిలిన మాత్రలన్నీ నొక్కి పెరట్లో పారేసి ఖాళీ అట్ట పట్టుకొచ్చాడు. ఆమె మెచ్చుకుని తీసుకుంది. మరునాడు ఆయన పెరట్లో కోడి ఎర్ర క్యాప్సూల్ ఒకటి ముక్కున పట్టుకుని తిరుగుతుంటే చూసింది. అట్ట తీసుకెళ్లి ఆయన గుమ్మానికి కట్టేసి వచ్చింది.

"ఈడ కట్టినా. పిట్టలు రాకుండా నీ తలకాయకి కావలి."

"నీ కంబు కావాలనే గదక్కా మమ్మల్నందర్నీ మాత్రలు మింగమంటా ఉండావు," అన్నాడు ఆయన.

"అవును, దానికే," అంది పెద్దమ్మ. అంతకంటే ఎక్కువ చెప్పేది కాదు. ఎవరినీ కూర్చోబెట్టి గోడల గురించి, క్రిముల గురించి పాఠం చెప్పిన మనిషి కాదు. డాక్టరు మధ్యలో ఆపమంటే మాత్రం ఆపాల్సిందేననేది. ఒకావిడకి ఒంటి మీద దద్దుర్లు వస్తే డాక్టరే మానిపించాడు. ఆమె మిగిలిన అట్ట తెచ్చి, "ఇది ఏం చేసేది?" అంటే, పెద్దమ్మ దాన్ని తనే కోవిల్‌పట్టికి పట్టుకుపోయి ఆసుపత్రిలో మందులిచ్చే కిటికీ దగ్గర ఇచ్చి వచ్చింది. ఇంట్లో ఉంటే ఎవరో ఒకరు అడుగుతారు, అడిగితే లేదనలేం అని ఆమె భయం. ఆ భయం తన గురించే అని నాకు తెలుసు.

జలుబని ఎవరైనా ఆమెని మాత్ర అడిగితే, "సళికి ఇది పని సెయ్యదు. మిరియాల చారు తాగి పొణుకో. మాత్ర కావాలంటే డాక్టర్ని అడుగు," అనేది. సొరబుర్రలో ఇక మిరప గింజలే.

అమ్మని ఏ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లినా పెద్దమ్మ వెంట వచ్చేది. అమ్మ కుర్చీలో కూర్చోకముందే, "దీనికి పెంచిలిన్ పడదు," అనేది. పంటినొప్పికి పోయినా అదే, కంటికి పోయినా అదే. కళ్లద్దాలు చూసే ఆయన కూడా విన్నాడు. అమ్మకి సిగ్గుగా ఉండేది. "నాకు నోరు ల్యా అక్కా?" అనేది. "ఉండాది. ఆ పొద్దు రాలే గదా నోరు," అనేది పెద్దమ్మ.

నేను విరుదునగర్‌లోనే సంసారం పెట్టుకున్నాక నెలకోసారి ఊరికి పోయేవాణ్ణి. బాగున్నావా అని ఆమె అడిగిన గుర్తు లేదు. "అట్ట తెస్తివా?" అనేది. ఇంట్లో ఎవరికి ఏ జబ్బు చేసిందీ, ఎవరికి నయమైందీ ఆమెకి అట్టల లెక్కలో తెలిసేది. నేను ఉత్త చేతులతో పోతే, "ఎవురికీ ఏమీ ల్యా, సంతోసం," అని లోపలికి పోయేది. ఇప్పుడు ఆ వాకిట్లోకి పోతే నా చేతుల వైపు చూసేవాళ్లు లేరు. ఇంత మామూలు సంగతి కోసం మనసు లాగుతుందని ముందు తెలియదు.

ఊరికి పోయి, ఆమెని మట్టి చేసి నేను మిల్లుకి తిరిగి వచ్చాను. నా క్యాప్సూళ్లు వేళకి వేసుకున్నాను. గొంతు ఎప్పుడో బాగైంది. అయినా ఫోను వస్తుందేమోనన్నట్టు వేసుకున్నాను. ఆఖరిది మింగిన రోజు అట్ట చొక్కా జేబులోనే ఉండిపోయింది. పారేయడానికి రెండుసార్లు తీశాను. మళ్లీ పెట్టుకున్నాను.

కర్మ రోజుకి ఊరికి పోయాను. భోజనాలు అయ్యాక అమ్మ కనపడలేదు. పెద్దమ్మ సజ్జచేలో అమ్మ ఉంటుందని పక్కింటి మావ చెప్పాడు. ఆయన గుమ్మానికి ఆ అట్ట ఇంకా ఉంది, ఎండకి వెలిసిపోయి.

సజ్జ నడుమెత్తు దాటి ఉంది. కంకుల్లో పాలు గట్టిపడి గింజ అవుతున్నాయి. మధ్యలో దారం ఒకచోట తెగి అట్టలు కింద పడ్డాయి. ఆ మేర పిచ్చుకలు గుంపుగా వాలి ఉన్నాయి. అమ్మ ఆ దారం ముడివేస్తోంది. కొన్ని కంకులకి పాత చీర అంచులు కట్టి ఉన్నాయి. పోయేముందు పెద్దమ్మ కట్టినవో, తర్వాత అమ్మ కట్టినవో తెలియలేదు.

జేబులోంచి అట్ట తీసి అమ్మకి ఇచ్చాను. అమ్మ దాన్ని తిప్పి చూసింది. పేరు చదవడం ఆమెకి రాదు. బొటనవేలితో మొదటి గుంట నొక్కింది. రెండోది నొక్కింది. చివరిదాకా ఒక్కటీ వదలకుండా నొక్కి చూసింది.

"సరి," అంది.

అట్టకి దారం గుచ్చి, మునివేళ్ల మీద నిలబడి కట్టింది. గాలి రాలేదు. అట్ట కాసేపు కదలకుండా వేలాడింది. తర్వాత కొద్దిగా తిరిగింది, వెలుగు వెళ్లి కంకుల మీద పడింది. పిచ్చుకలు లేచి, చేను అవతలి గట్టు మీద వాలి, ఇటే చూస్తూ కూర్చున్నాయి.